సోమక్క మనుమని తూకం

హన్మకొండలో బెల్లం వ్యాపారి పాండురంగం కూతురు కళావతి డిగ్రీలో గణితంతో పాటు శిశు వికాసం కూడా తీసుకుంది. గణితం ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, దుకాణానికి పనికొస్తుంది. రెండోది ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

"పిల్లలు పెరుగుడు గూడ పుస్తకంల సదువుతరానే?" అంది తల్లి. ఏ పుస్తకమూ విప్పకుండా ఐదుగురిని పెంచిన మనిషి.

శిశు వికాసానికి ప్రాక్టికల్ ఉంది. ఒక పసివాణ్ణి ఆరు నెలలు గమనించి తిండి, ఆట, బరువు రికార్డు రాయాలి. దాని మీద లెక్చరర్ దీనమ్మ సంతకం లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. కళావతి పక్కింటి సోమక్క మనుమడు, ఏడాది దాటిన మొగిలిని ఎంచుకుంది.

కళావతి అంటే సోమక్కకు ప్రాణం. కాని పెరిగే పిల్లవాణ్ణి పెరుగుతున్నాడనడం, అంతకన్నా ఘోరంగా తూచడం, దిష్టిని పిలిచి పీట వేయడమేనని ఆమె నమ్మకం. నోటుబుక్కు గడపలో కనబడగానే మొగిలి లోపలింట్లోకి మాయమయ్యేవాడు.

"పండుకున్నడు బిడ్డా. నువ్వడుగు, నేను చెప్త."

"ఏం తింటాండు పెద్దమ్మా?"

"ఏం తింటాండు? బుక్కెడు ముట్టుతలేడు. పోయిన నెలకంటె తగ్గిండు. కట్టెపుల్ల లెక్కయిండు."

శాస్త్రీయ దృష్టి గల కళావతి యథాతథంగా రాసుకుంది. గణిత విద్యార్థిని కనుక, సోమక్క తగ్గిండన్న ప్రతిసారీ ఒక మెట్టు దించుతూ గ్రాఫు కూడా గీసింది. ఆ గీత ప్రకారం 1980 జనవరి నాటికి మొగిలి పుట్టినప్పటికంటే చిన్నవాడయ్యాడు.

దీనమ్మ రికార్డు తిరగేసి కళ్లద్దాలు తీసింది.

"కళావతీ, ఈ పిల్లవాడు బతికే ఉన్నాడా?"

"నిన్న మా దుకాణంల బెల్లం గుంజుకపోయిండు మేడమ్."

"మరి అది రాయలేదేం?"

"దానికి గడి లేదు మేడమ్."

దీనమ్మ రికార్డు మూసి వెనక్కి తోసింది. "వారంలో తూచి, అసలు బరువు రాసి తీసుకురా. లేకుంటే సంతకం పెట్టను."

ఆ సాయంత్రం కళావతి సోమక్క గడపలో కూర్చుని జరిగిందంతా చెప్పింది. నోటుబుక్కు తెరవలేదు. సోమక్క నములుతున్న వక్క ఉమ్మేసింది.

"నేను మంచికే అంటి బిడ్డా. నా మాటకు నీ సదువు వోతదా?"

"పోతది పెద్దమ్మా."

సోమక్క లోపలికి వెళ్లి మొగిలిని ఎత్తుకొచ్చింది. "పిలగాన్ని తూచేది లేదు. మేడారం జాతర దగ్గరికొచ్చింది. అమ్మలకు వీని ఎత్తు బంగారం మొక్కుకుంట. మీ నాయిన బెల్లం తూస్తడు. బెల్లానికి దిష్టేంది?"

సమ్మక్క సారలమ్మల దగ్గర బంగారమంటే బెల్లమే. పాండురంగం తరాజులో ఒక పళ్లెంలో మొగిలి, చెంప నిండా కాటుకతో. ఇంకో పళ్లెంలో బెల్లం. అందరూ గంభీరంగా బెల్లం వైపే చూశారు. బెల్లం తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు తూగింది. కళావతి గీత ఒక్కసారిగా నిలువునా లేచింది.

దీనమ్మ సంతకం పెట్టింది. పాత పేజీలు చింపవద్దంది. "అవీ పరిశీలనే. కాకుంటే పిల్లవాడిది కాదు, నాయనమ్మది."

తర్వాత కళావతి నర్సంపేట వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజరయింది. ఆమె కేంద్రాల్లో తరాజు పక్కన బెల్లం ముద్ద, కాటుక డబ్బీ ఉండేవి. ఏ సర్కారు ఉత్తర్వులోనూ లేని ఈ రెంటినీ చూసి ముసలమ్మలు పిల్లలను దాచడం మానుకున్నారు. ఈ కొలువు సోమక్క చలవేనని ఆమె అందరికీ చెప్పేది.

జాతర వచ్చినప్పుడల్లా కళావతి సోమక్క పేరున తన ఎత్తు బెల్లం మొక్కు చెల్లించేది. ఎనభై ఎనిమిదిలో అది అరవై ఎనిమిది కిలోలు. పక్కన నిలబడ్డ సోమక్క తరాజు ముల్లును చూసి, కళావతిని చూసి, గొంతు తగ్గించింది.

"ఏం తింటలేవు బిడ్డా. కట్టెపుల్ల లెక్కయినవ్."

కళావతి దాన్ని ఎక్కడా రాసుకోలేదు. తరాజు దిగి ఆమె కాళ్లకు మొక్కింది.