నీలం రాయి మీద చెప్పిన మాట

ఆయనకీ అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. బజారులో మాత్రం అందరికీ ఆయన రాళ్ళాయనే. పాత నగలు కొనే కొట్టులో కిటికీ పక్కనున్న బల్ల నలభై ఏళ్ళుగా ఆయనది. ఎవరైనా నగ అమ్మడానికి వస్తే బంగారం సంగతి యజమాని చూసుకుంటాడు, రాయి సంగతి ఈయన చెప్పాలి. అదీ పొద్దుటి వెలుగులోనే. దీపం కింద చూడమంటే రాణిగారి నగ తెచ్చినా ముట్టుకోడు. తెల్లకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దాని మీద నగ ఉంచి, ఉత్త కళ్ళతో చూసి ముందు రంగు చెబుతాడు. భూతద్దం తీసేది ఆ తర్వాతే.

మాట కటువు గానీ, పాత రాయి చేతికొస్తే మనిషి మెత్తబడిపోయేవాడు. చేత్తో సానపట్టిన రాయికి ముఖాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఆ వంకర చూసి మురిసిపోయేవాడు. "మెషీను కోసింది కాదయ్యా ఇది! ఎవడో మహానుభావుడు మెడ విరిగేలా కూర్చుని చేశాడు" అని యజమానిని పిలిచి మరీ చూపించేవాడు. ఆయన ఒక మాట అన్నాక ఇంకో కొట్టు మెట్లెక్కి అడిగినవాళ్ళు లేరు. ఆయన సంపాదించుకున్నదల్లా ఆ నమ్మకమే.

అలాంటి మనిషికి రెండేళ్ళుగా కాగితాలతో పేచీ మొదలైంది. "ఇది తెల్లకాగితమా? పసుపునీళ్ళలో ముంచి తెచ్చావా?" అని కాగితాల దుకాణంవాణ్ణి దులిపేశాడు. నాలుగు దుకాణాలు మార్చాడు. ఇంట్లో కట్టలు కట్టలు పేరుకుపోయాయి.

"ఊళ్ళో కాగితాలన్నీ కూడబలుక్కుని ఒకేసారి పచ్చబడ్డాయా? ముందు ఆ కళ్ళు చూపించుకోండి" అంది భార్య.

ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నా కళ్ళకే వంక పెడతావా? ఈ కళ్ళ మీద కాదుటే ఇల్లు నడుస్తోంది!"

"అందుకేగా చెబుతున్నా."

వింటేగా! కాగితాన్ని అనుమానించాడు, కిటికీ అద్దాన్ని అనుమానించి రెండుసార్లు కడిగించాడు. తనని తాను అనుమానించుకోవడం మాత్రం ఆ పెద్దమనిషికి తోచలేదు.

ఆ రోజుల్లోనే ఒకావిడ వచ్చింది. బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ. మంచం పట్టిన తల్లికి వైద్యం చేయించాలని పాత ఉంగరం అమ్మడానికి తెచ్చింది. బంగారం అరిగింది, రాయి నీలం.

రాళ్ళాయన కాగితం మీద పెట్టి చూశాడు. "సాన పాతది, బాగుంది. రంగే బాలేదు. ఆకుపచ్చ ఛాయ కలిసింది, మసక. మామూలు రాయమ్మా."

ఆవిడ తెల్లబోయింది. "అదేంటండీ! అచ్చమైన నీలం కదా? పెళ్ళైన ఏడాదికి నాన్న అమ్మకి కొన్నాడు. వంద రాళ్ళు చూసి ఇది ఏరానని చెప్పేవాడట."

"చెప్పేవాళ్ళు సవాలక్ష చెబుతారు. రాయి అబద్ధమాడదుగా" అన్నాడాయన.

ఆవిడ యజమాని ఇచ్చింది తీసుకుని వెళ్ళిపోయింది. ఉంగరాన్ని మామూలు సరుకున్న సొరుగులో పడేశారు.

ఎనిమిది నెలలకి రాళ్ళాయన మెట్టు కనబడక బోర్లా పడ్డాడు. ఇక భార్య ఊరుకోలేదు, చెయ్యి పట్టుకుని కంటాసుపత్రికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళకీ శుక్లాలు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పగానే ఎదురుగా గోడ కనిపించింది. తెల్లగా, కళ్ళు జిగేల్మనేంత తెల్లగా. కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాడు. అదే గోడ పసుపుపచ్చ.

"శుక్లం ముదిరితే అంతేనండి" అంది డాక్టరమ్మ. "పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టే. నీలం రంగు మరీ చెడిపోతుంది. మెల్లమెల్లగా వస్తుంది కదా, మనిషికి తెలీదు."

ఆయనకి టీచరమ్మ తెచ్చిన నీలం ఉంగరం గుర్తొచ్చింది. భార్య ఏదో అడుగుతోంది, వినబడలేదు.

డాక్టరమ్మ వారం రోజులు ఇల్లు కదలొద్దంది. మూడోరోజు పొద్దున్నే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కొట్టుకి వచ్చేశాడు. సొరుగు బోర్లించి ఆ ఉంగరం వెతికి తీశాడు. కళ్ళద్దాలు తీసి, కిటికీ దగ్గర నిలబడి, ఎడమకన్ను చేత్తో మూసుకుని చూశాడు. అచ్చమైన నీలం. ఎక్కడా ఆకుపచ్చ లేదు, మసక లేదు. నలభై ఏళ్ళలో అలాంటి రంగు పట్టుమని పది రాళ్ళకి కూడా చూసి ఉండడు. యజమానిని పిలిచి సంగతంతా చెప్పాడు.

యజమాని మంచినీళ్ళిచ్చాడు. "పోనీలెండి బాబాయ్, కావాలని చేశారా ఏంటి? ఆవిడకి తెలీదు కూడా."

"నాకు తెలిసిందిరా!" అన్నాడు రాళ్ళాయన. కొన్న ధరకి సరిపడా సొమ్ము తన జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, ఉంగరం తీసుకుని బయల్దేరాడు.

రసీదు మీద చిరునామా ఉంది. తలుపు టీచరమ్మే తీసింది. ముందు గదిలో ఒక మంచం, దాని మీద చుట్టిపెట్టిన పరుపు. ఆయన కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. "తప్పు నాదమ్మా. మీ నాన్నగారు వందలోనూ మేలైనదే ఏరారు. ఉంగరం మీది, ఉంచుకోండి. నాకేం ఇవ్వక్కర్లేదు."

ఆవిడ ఉంగరం అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తన మీద కేకలేస్తుందనుకున్నాడాయన. వేసినా బాగుండేది.

"ఆవేళ ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, రాళ్ళాయన ఏమన్నారే అని. మామూలు రాయట, నాన్న నిన్ను మోసం చేశాడే అన్నాను. విసుగులో అనేశాను. అమ్మ మళ్ళీ నాన్న ఊసెత్తలేదు. అప్పటిదాకా రోజూ ఎత్తేది."

ఆయన చుట్టిన పరుపు వైపు చూశాడు.

"పోయి నాలుగు నెలలైంది" అంది ఆవిడ. "ఇప్పుడు నాకు చెప్పారు. అమ్మకెవరు చెబుతారండీ?"