ఏమీ అమ్మని బండి

నిన్న వాన పడింది. వసారాలో రేకు కింద చుట్టిపెట్టిన టార్పాలిన్ పట్ట ఒక అంచున తడిసింది. ఆరేద్దామని విప్పితే పాత వాసనలన్నీ లేచాయి. మైనం, మామిడి జీడి, ఎప్పటివో పొయ్యి పొగలు. అందులో సైకిలు ట్యూబుకు పూసే సొల్యూషను వాసన కూడా ఉన్నట్టు నాకనిపించింది. ఆ పట్ట దొరసామన్నది. ఆయన గురించి ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదంటే నాకు రాయడం వచ్చేది కాదు. యాభై ఎనిమిదేళ్లు నిండాక, మా వీధి బడి వసారాలో, నా కంటే ముప్పై ఏళ్లు చిన్నదైన టీచరమ్మ దగ్గర నేను అక్షరాలు దిద్దాను. ఎందుకు నేర్చుకున్నావని చాలామంది అడిగారు. బస్సు బోర్డులు చదవడానికని చెప్పేదాన్ని. అది నిజం కాదు.

డెబ్బైల చివరలో నేను చిత్తూరుకు వచ్చాను. కొట్టే మొగుణ్ణి వదిలి వడమాలపేటలో పుట్టింటికి పోతే, మా నాయన వాకిట్లోనే నిలబెట్టి, "ఇంకోసారి ఈ గడప తొక్కినావంటే నేను సచ్చినట్టే" అన్నాడు. ఆయన వెనక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అదే చివరి చూపని అప్పుడు తెలియదు. చిత్తూరులో నాకు దొరికిన గది ఒక సైకిలు షాపు పక్కన ఉండేది. షాపు దొరసామన్నది. అప్పటికే యాభై దాటిన మనిషి, పిల్లలు లేరు, భార్య పోయి నాలుగేళ్లయింది. వారం రోజులు నా గది తలుపు తెరుచుకోకపోవడం చూసి, ఒక పొద్దున గడపలో పంచరైన ట్యూబు, నీళ్ల తొట్టి, ఆకురాయి పెట్టి, "బుడగ యాడ వస్తా ఉండాదో సూడు పాపా, నా కండ్లు సరిగ్గా ఆనడం లేదు" అన్నాడు. ఆయన కళ్లు బాగానే కనిపించేవని తరవాత తెలిసింది.

అట్లా నేను ఆయన షాపులో పనికి కుదిరాను. ఆడమనిషి పంచరు వేయడం చూడ్డానికి జనం ఆగేవారు. ఒకాయన, "ఏమప్పా దొరసామీ, ఆడోళ్లు ఏసిన పంచరు నిలస్తాదా?" అని నవ్వాడు. "ఎవురేసినారో ట్యూబుకు తెలస్తాదా అప్పా? గాలికి తెలస్తాదా? నీకొక్కడికే తెలస్తా ఉండాది" అన్నాడు దొరసామన్న, తల ఎత్తకుండానే.

ప్రతి ఏడూ మామిడికాయలు పండుకొచ్చే రోజుల్లో ఆయన రెండు వారాలు షాపు మూసేవాడు. పాత రిమ్ములు రెండు, ఇనుప యాంగిల్ ముక్కలు, ఒక చెక్కపెట్టె కలిపి తానే చేసుకున్న చిన్న బండిని సైకిలు వెనక తగిలించుకుని ఊళ్లు తిరగబోయేవాడు. బంగారుపాళ్యం తోటల దాకా పోయి వెనక్కి తిరిగి, పూతలపట్టు మీదుగా తిరుపతి, అక్కణ్ణుంచి వడమాలపేట. పొద్దుగూకిన చోట పట్ట కట్టుకుని, మూడు రాళ్లు పెట్టి వండుకుని, తెల్లారి మళ్లీ బయలుదేరడం. ఏ పనీ లేదు. దేవుడి మొక్కు కూడా కాదు. ఏ ఊళ్లో ఆగినా జనం బండి చుట్టూ మూగేవారట. వాళ్ల మాటలు ఆయన నాకు ఆడి చూపించేవాడు.

"ఏం అమ్మేదానికి వచ్చినావప్పా?"

"ఏమీ అమ్మను."

"పాతసామాను కొంటావా?"

"కొనను."

"మరి ఇంత బరువు యాల లాక్కొని తిరుగుతా ఉండావు?"

"రేత్రికి పండుకోవాల గదప్పా."

ఇల్లుండగా బయట పడుకునేవాణ్ణి పిచ్చివాడనో దొంగనో అనుకునేవారు. పూతలపట్టులో ఒక ముసలమ్మ మాత్రం పెట్టె మూత తీయించి, సట్టి, బియ్యం, దుప్పటి చూసి, "సంసారమే గదరా, దొంగ యాడుండాడు" అన్నదట.

బండి సర్దడం నా పని. సర్దేటప్పుడే ఆయన పాఠాలు చెప్పేవాడు. "బరువంతా ఇరుసు మీద పెట్టాల పాపా, రవ్వంత ముందుకు. వెనక ఎక్కువైతే సైకిల్ని లేపతాది. ముందర ఎక్కువైతే నడుము ఇరగ్గొడతాది." మొదటి ఏడు బండి కొక్కేన్ని సీటు కింద తగిలించి, ఏటవాలులో మలుపు దగ్గర బండి తోస్తే ముళ్లకంపలో పడ్డాడట. అప్పటినుంచి వెనక చక్రం ఇరుసు పక్కనే, కిందగా తగిలించేవాడు. లారీవాళ్లకు కనిపించాలని వెదురుబద్దకు ఎర్రగుడ్డ కట్టేవాడు. అది ఆయన భార్య చీర అంచు.

ఆ రెండు వారాలూ నాకు జరిగేవి కావు. మూసిన షాపు ముందు కూర్చునేదాన్ని. నాతో మాట్లాడే మనిషి ఆ వీధిలో ఇంకెవరూ లేరు. కానీ ఆ బండి తిరిగొచ్చేటప్పుడు నా కోసం అమ్మ పంపిన మూట ఉండేది. చింతపండో, అలసందలో, ఒక ఏడు అమ్మ పాత రవికె. "మీయమ్మ బాగుండాది. కాకరపాదు ఏసింది. నీ మాట ఎత్తితే ఎనక్కి తిరిగి పొయ్యి ఊదుకుంటాది" అని చెప్పేవాడు. అలసందలు చాలా రోజులు వండేదాన్ని కాదు.

ఒక ఏడు ఆయన బయలుదేరబోతూ అన్నాడు. "నువ్వూ రారాదా పాపా. షాపులో సైకిలు ఉండాది, తొక్కడం వచ్చె. మీ నాయన గడప తొక్కొద్దన్నాడు గానీ రోడ్డు తొక్కొద్దనలేదు. మీయమ్మ కాలవ కాడికి వస్తాది."

నాకు పోవాలనే ఉంది. అయినా నోటికి వేరే మాట వచ్చింది. "రేత్రిళ్లు బయట పండుకుంటే నలుగురూ ఏమంటారన్నా?"

ఆయన కాసేపు పెడలు తిప్పుతూ ఉండి, వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను అడగాలనుకున్నాను. ఏ ఏటికాయేడు నోరు రాలేదు.

మరుసటి ఏడు బండి సర్దుతుంటే పెట్టెలో రెండో పళ్లెం కనిపించింది. కొత్త సత్తు పళ్లెం. నాకు వెంటనే అర్థమైంది అనుకున్నాను. మా వైపు చనిపోయినవాళ్లకు ముందు పెట్టి తరవాత మనం తింటాం. ఆయన భార్య ముత్తైదువగా పోయిన మనిషి. ఆయన దారిలో ఆమెకు పెట్టి తింటాడు కాబోలని కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లేన్ని కడిగి, అంచు చుట్టూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"పసుపు యాల పాపా?"

"వదినకే గదన్నా."

ఆయన చాలాసేపు ఆ పళ్లెం వైపు చూశాడు. "సరే. సర్దు" అన్నాడు. ఆ తరవాత ఐదేళ్లు ప్రతి వేసవిలో నేను పసుపు రాస్తూనే వచ్చాను. ఆయన తీసుకుపోతూనే వచ్చాడు.

ఆ మధ్యలో అమ్మ పోయింది. కబురు తెలిసి బస్సులో పోయేసరికి అంతా అయిపోయింది. మా నాయన గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. నేను కాలవ దాకా నడిచి వెనక్కి వచ్చేశాను. ఆ ఏడు బండిలో మూట రాలేదు. మరో చలికాలంలో దొరసామన్న కూడా గుండెనొప్పితో తన మంచం మీదే పోయాడు. షాపు ఆయన అక్క కొడుక్కి పోయింది. ఆ అబ్బాయి, "ఈ పనికిమాలిన బండి నువ్వే పెట్టుకోక్కా" అన్నాడు. పెట్టె అడుగున ఆయన నోటు పుస్తకం ఉంది. పట్ట కట్టిన చోటల్లా సాయంత్రం పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. కానీ ఆయన మాట ఇంకొకరి నోట వినడం నాకు ఇష్టం లేకపోయింది. దాన్ని పట్టలో చుట్టి దాచాను. అక్షరాలు నేర్చింది దాని కోసం.

ముందు పుటలు కూడబలుక్కుని చదివాను. "పూతలపట్టు దాటి ఎడమ పక్క రెండో చింతమాను. బావి నీళ్లు తీపి. ఒకరికి చోటు." అన్నీ అట్లాగే. ఒకరికి చోటు, ఒకరికి చోటు. నేను రానన్న ఏటి నుంచి రాత మారింది. "రెండో చింతమాను. ఇద్దరికి చోటు. పాప బయట పడుకోనక్కర్లేదు, ముసలమ్మ తన ఇంట్లో చాప వేస్తానంది." "తోట కావలివాడి పెళ్లాం మంచిది, పాపకు పక్కన చోటిస్తుంది." "తిరుపతి ముందు బడి, ఆయమ్మ గది ఉంది." చిత్తూరు నుంచి వడమాలపేట దాకా ప్రతి మజిలీలోనూ ఒక ఆడమనిషిని అడిగి పెట్టాడు. నలుగురూ ఏమంటారో అన్న నా మాటకు ఆయన బదులు చెప్పలేదనుకున్నాను. ఊరూరా తిరిగి చెప్పాడు.

చివరి పుట పోయిన వేసవిలో, ఒక సాయంత్రం చదివాను. "పళ్లెం పాప కోసం కొన్నాను. చూసి అడుగుతుందనుకున్నాను. ఈ ఏడు కూడా పసుపు రాసింది. ఎట్లా చెప్పను."

దీపం పెట్టడం మరిచిపోయి అట్లాగే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఆ పళ్లేన్ని బూడిద, చింతపండుతో తోమాను. అంచులో పట్టిన పసుపు చాలాసేపటికి గానీ పోలేదు. బండి టైర్లకు గాలి కొట్టించాను. బియ్యం, సట్టి, రెండు పళ్లేలు, పట్ట ఇరుసు మీదకు సర్ది, రవ్వంత ముందుకు జరిపి, కొక్కేన్ని నా సైకిలుకు కిందగా తగిలించాను. తొక్కగలిగినంత దూరం తొక్కాను, తొక్కలేని చోట నడిపించాను. పూతలపట్టు కూడలిలో టీ తాగుతున్న ఒకాయన బండి చూసి, "ఏం అమ్ముతావవ్వా?" అన్నాడు.

"ఏమీ అమ్మను నాయనా."

రెండో చింతమాను ఇంకా ఉంది. మూడు రాళ్లు పెట్టి అన్నం వండాను. ఆయన పళ్లెంలో ముందు పెట్టాను. తరవాత నా పళ్లెంలో పెట్టుకుని తిన్నాను.