అదే పేరుతో ఇంకో పాట

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల పక్కన ఒకాయన టేప్‌రికార్డర్లు అమ్ముతున్నాడు. ఎవరో మీట నొక్కారు. టక్‌మన్న ఆ చప్పుడుకు నా కాళ్లు ఆగిపోయాయి. విమల మేడమ్ గుర్తొచ్చారు.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక పాత మేడ మీద ఉండేది మేడమ్ దుకాణం. జనం తెచ్చే క్యాసెట్లలోని పాటలను, మాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లం. నా మొదటి ఉద్యోగం అదే. మేడమ్‌ది మెదక్. ప్రతి రికార్డింగునూ దానంతటదే ఫైలుగా దాచే చిన్న కంప్యూటర్ ప్రోగ్రామును, మా మాటల్లో స్క్రిప్టును, ఆమే రాసుకున్నారు.

ఒకసారి ఖైరతాబాద్ నుంచి నర్సింగరావుగారనే పెద్దాయన, చనిపోయిన భార్య పాడిన బతుకమ్మ పాట తెచ్చారు. టేపు ఎంత పాతదంటే, ఒక్కసారి మోగి ముక్కలైపోయింది. అయినా పాట దక్కిందని సంతోషించాం. మర్నాడు ఇంకెవరిదో క్యాసెట్‌కు మేడమ్ పొరపాటున అదే పేరు పెట్టారు. ఆ పేరుతో ఫైలు ముందే ఉందా అని స్క్రిప్టు చూసుకోలేదు. పాత పాట మీద కొత్తది రాసేసింది. ఎంత వెతికినా తిరిగి రాలేదు.

టేపే పాడైందని చెబితే ఎవరికీ తెలిసేది కాదు. మేడమ్ ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లారు.

"పాట మంచిగనే వచ్చింది సార్. నా చేతులనే పోయింది."

ఆయన, "జర ఇంకోసారి చూడు బిడ్డా. ఏడనన్న ఉంటదేమో," అన్నారు.

ఆ సాయంత్రమే మేడమ్ స్క్రిప్టులో ఒక వరుస చేర్చారు. ఆ పేరుతో ఫైలు ఉంటే రాయకుండా ఆగి అడుగుతుంది. "ఎవ్వరు చెప్పినా ఈ లైన్ తియ్యకు," అన్నారు నాతో.

తర్వాత ఆయన ఇటువైపు వచ్చినప్పుడల్లా ఆయాసపడుతూ మెట్లెక్కేవారు.

"దొరికిందా బిడ్డా?"

"లేదు సార్. కూర్చోన్రి, చాయ్ తాగున్రి."

మేడమ్ పని ఆపి ఆయన ఎదురుగా కూర్చునేవారు.

"పాడుకుంట నడుమల నవ్వేది. ఆ నవ్వు గూడ వచ్చిందా అందుల?"

"ఔ సార్. నేను విన్న."

ఆ మాట కోసమే వచ్చేవారేమో. కొన్నాళ్లకు రావడం మానేశారు. వెళ్లి చూస్తే ఇంటికి తాళం. ఆయన పోయారని పక్కింటివాళ్లు చెప్పారు.

ఇప్పుడు మేడమ్ కూడా లేరు. నేను ఏ స్క్రిప్టు రాసినా ఆ వరుస లేకుండా రాయను. పోగొట్టినప్పుడు మనిషి ఎదుటికి వెళ్లి చెప్పాలన్నదీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కానీ పెద్దాయన మెట్లు దిగి వెళ్లాక మేడమ్ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడేవారు. నేను గ్లాసులు తీసి కడిగేదాన్ని. "మీరెట్లున్నరు మేడమ్?" అని ఒక్కనాడూ అడగలేదు.