పందికొక్కు కన్నంలో మిరప పొగ

ఇవాళ పక్క ఫ్లాట్‌లో ఎవరో ఎండుమిరపకాయలు మాడ్చారు. మెట్ల మీద అందరూ దగ్గుతూ తిట్టుకుంటుంటే, నేను మాత్రం అరవైల్లో మక్తల్ దగ్గరున్న మా ఇంటి పెరట్లోకి వెళ్లిపోయాను.

కోళ్ల గూడు కింద పందికొక్కు కన్నం చేస్తే మన పెద్దవాళ్లు ఏం చేసేవారో గుర్తుందా? అడుగున చిల్లున్న కుండలో పిడకల నిప్పు, దాని మీద గుప్పెడు మిరపకాయలు వేసి, కుండను కన్నానికి ఆనించి చిల్లులోంచి ఊదేవారు.

ఆ ఏడు వానల్లేవు. ఇంట్లో గుమ్మిలోని జొన్నలు చూస్తుండగానే తరిగిపోతున్నాయి. మా అవ్వ, అంటే మేం బాపు అని పిలిచే నాన్న వాళ్లమ్మ, అమ్మను అనుమానించింది. "తల్లిగారింటికి మోస్తున్నవా ఏంది?" అని అడిగి, జొన్నలు కొలిచే మానికను తన దగ్గరే పెట్టుకుంది. అమ్మ తల్లిగారింటికి పోవడమే మానేసింది.

ఒక పొద్దున బాపు గూడు కింద పొగ ఊదుతున్నాడు. పందికొక్కు బయటికి రాలేదు గానీ, ఇంట్లోంచి అవ్వ దగ్గుతూ అరిచింది.

"ఆపురా! పొగంత గుమ్మి కిందికెల్లి వస్తాంది!"

సగం ఖాళీ అయిన గుమ్మిని జరిపి చూస్తే నేలలో ఇంత బొక్క, దాని చుట్టూ జొన్నలు. అవ్వ కింద కూర్చొని ఆ జొన్నలను ఒక్కొక్కటే ఏరింది.

తప్పయిందని అనడం మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఎక్కడ అలవాటు? సాయంత్రం మానిక తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

"ఇగ నువ్వే కొలువు బిడ్డా."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "పొగ, అత్తా" అంది.

ఇంట్లో పొగ మధ్యాహ్నానికే పోయింది.