గేటు దాకా అందని కారు కీ

ఈ సంగతి కాగితం మీద పెట్టకపోతే మా ఇంట్లో అబద్ధమే నిలిచిపోతుంది. కారు రిమోట్ కీని చెడగొట్టింది నేనేనని మా అన్న ఇప్పటికీ చుట్టాలకు చెబుతున్నాడు. ఆయన పెద్దవాడు, కారు ఆయనది, కాబట్టి మాట కూడా ఆయనదే చెల్లుతోంది. అందుకే రాస్తున్నాను.

పోయిన దసరా అయిన మర్నాటి నుంచే కీ నీరసించింది. అంతకుముందు బోధన్‌లోని మా ఇంటి గుమ్మంలో నిలబడి నొక్కితే గేటు బయట కారు కూత పెట్టేది. ఆ తర్వాత మూరెడు దూరం నుంచి నొక్కినా రెండుసార్లకు ఒకసారే పలికేది. నేను పదో తరగతితో బడి మానినవాణ్ని. కానీ గ్రంథాలయంలో రేడియో మీద ఉన్న పుస్తకాలన్నీ, అట్టలూడినవి కూడా, చదివాను. సెల్లు బలం తగ్గితే సిగ్నల్ దూరం పోదని నాకెవరూ చెప్పనక్కర్లేదు. కీ విప్పి, లోపల తుడిచి, పాత సెల్లు మీది అంకె చూసి, అదే అంకె ఉన్న కొత్తది వేశాను. కీకి తొడిగే తోలు కవరులో మళ్లీ పెట్టి నొక్కాను. తేడా లేదు.

అది అన్న కంట పడింది.

"నువ్వు ముట్టినంకనే పాడైంది."

"పాడైనంకనే ముట్టిన అన్నా."

"లైబ్రరీల కూసున్నోళ్లంత ఇంజనీర్లయితే కాలేజీలెందుకురా? ఇగ కీ ముట్టకు. అవ్వను బస్సుల తీస్కపో."

అవ్వ అంటే మా అమ్మ. కంటి ఆపరేషన్ అయి ఎన్నో రోజులు కాలేదు. ప్రతి శుక్రవారం నేనే కారులో నిజామాబాద్ తీసుకెళ్లి, కంఠేశ్వర్‌లోని డాక్టరుకు చూపించాలి. కంట్లో దుమ్ము పడొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. చెరుకు ట్రాక్టర్ల వెనక అద్దాలు లేని బస్సులో ఆమెను ఎట్లా కూర్చోబెట్టేది? నా మీది కోపం అవ్వ కంటి మీద తీర్చుకుంటున్నాడని నాకు ఒళ్లు మండింది.

ఆ శుక్రవారానికి మాత్రం అన్నే కారు నడిపాడు. అవ్వ కోసం కాదు, సర్వీస్ సెంటర్‌లో నా నేరం రుజువు చేయించడానికి. అక్కడి మెకానిక్ కీని రెండుసార్లు నొక్కాడు, అంతే.

"లోపల బోర్డు పోయింది. ఎవరో విప్పిండ్రు. కొత్త కీ పెట్టుడే."

"విప్పి సూడకుండనే లోపలిది ఎట్ల చెప్తున్నరు సార్?" అన్నాను.

"మాకు రోజు ఇదే పని."

అన్న నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు ఇంకా మరిచిపోలేదు.

డాక్టరు దగ్గర అవ్వ వంతు కోసం కూర్చున్నప్పుడు అన్నను కీ అడిగాను. "ఇంక పాడయ్యేది ఏమున్నది, తీస్కపో" అన్నాడు. అదే వీధిలో గడియారాలు బాగుచేసే ముసలి చాచా దుకాణం ఉంది. కారు రోడ్డుకు అవతల నిలిపి ఉంది.

"సెల్లు మార్చిన చాచా, లోపల తుడిచిన."

"గది తర్వాత. ముందు గీ తోలు తియ్ బేటా."

తీసి నొక్కాను. రోడ్డు అవతల కారు కూత పెట్టింది. కవరులో పెట్టి నొక్కాను. మౌనం. చాచా కవరును బొటనవేలితో తడిమి, బ్లేడుతో కుట్టు విప్పాడు. లోపల గీతలు చెక్కిన రాగిరేకు. దసరా నాడు బండి పూజ చేసిన పంతులు ఇచ్చినది. కారుకు ఏ ఆపదా రావద్దని అన్నే స్వయంగా కవరులో పెట్టి కుట్టాడు.

"మూతికి రేకు కట్టిండ్రు, మళ్ల ఒర్లుత లేదంటరు" అన్నాడు చాచా.

నా తప్పూ రాయాలి. లోహం రేడియో సిగ్నల్‌ను అడ్డుకుంటుందని ఎప్పుడో చదివాను. అయినా ప్రతిసారీ కవరులో పెట్టాకే నొక్కి చూశాను. ఈ కోపంలో కొంత నా మీదే.

కీ, రేకు రెండూ తీసుకెళ్లి చూపిస్తే, అన్న రేకును కళ్లకద్దుకుని డ్యాష్‌బోర్డులో పెట్టాడు. "సర్వీసోళ్లు నొక్కిండ్రు గదా, అప్పుడే సర్దుకున్నది" అన్నాడు. తర్వాతి శుక్రవారం కీ నాకు అవ్వ చేతి మీదుగా వచ్చింది. మొహం తిప్పుకుందామనుకున్నాను. ఆమె నల్లద్దాలు చూసి తీసుకున్నాను.

పేర్లు రాయకపోయినా వీళ్లకు తెలుస్తుంది. రేకును పట్టిన చాచాకు, అట్టలూడిన పుస్తకాలను పారేయకుండా నాకోసం దాచిన గ్రంథాలయం మేడమ్‌కు, "వాడు తీస్కొమ్మని అనడు, నువ్వే తీస్కో బిడ్డా" అని కీ చేతిలో పెట్టిన అవ్వకు నా దండాలు. అన్న కోసం ఈ కింద ఒక వరుస ఖాళీగా వదిలాను. చుట్టాల ముందు నిజం చెప్పిన రోజు ఆయననూ అందులో రాస్తాను.