ఊగితే ఎక్కను

మా మేనత్తకు తాటిమొద్దు అంటే పగ. ఊరికీ చర్చికీ మధ్య వాగు మీద ఎవరో అడ్డంగా వేసిన మొద్దు మీంచి జారి, ఆమె తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. ఆదివారం వస్తే ఇవతలి గట్టున కుర్చీ వేయించుకుని, అవతల మైకులో వచ్చే పాటలకు గొంతు కలిపేది. పాట అయిపోయాక ఆమె ముఖం చూడటం నాకు కష్టంగా ఉండేది.

నేను వంతెనలకు డిజైన్లు వేసే ఇంజినీరుని. ఆ వాగు మీద చిన్న నడక వంతెన పని మా కంపెనీకి వచ్చినప్పుడు అడిగి మరీ తీసుకున్నాను. మిరప చేల మధ్య నుంచి క్రేన్ రాదు. అల్యూమినియం అయితే ముక్కలుగా ట్రాక్టరు మీద తెచ్చి బోల్టులు బిగించుకోవచ్చు, తుప్పు గొడవా ఉండదు. ఈ మాట చెబితే అత్త పడీపడీ నవ్వింది.

"సత్తు గిన్నెలతో వంతెన కడతావంట్రా? సరే, కట్టు. ఊగిందంటే మాత్రం నేను ఎక్కను."

ఎగతాళికే అన్నా, అసలు చిక్కు అదే. తేలికైన వంతెన విరగకపోయినా, నడుస్తుంటే కాళ్ల కింద అదురుతుంది. పత్తి మూటలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వరసగా నడిచే దారి అది. నా లెక్కకు సరిపోయిన వంతెన అత్త లెక్కకు సరిపోదు. చివరికి చేత్తో పట్టుకునే కమ్మీలనే ఎత్తు పెంచి, వాటి కింద ఏటవాలు బద్దలు బిగించి, రెండు పక్కలా వంతెనను మోసే చట్రాలుగా మార్చాను.

"ఇంత బలం ఎందుకయ్యా, లారీ ఎక్కిస్తావా?" అన్నారు మా పైఅధికారి.

"మా అత్త ఎక్కాలండీ" అన్నాను.

ప్రారంభం నడివేసవిలో పెట్టారు, అదీ మిట్టమధ్యాహ్నం. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పక్క బజారువాళ్లు కొబ్బరికాయ కొట్టారు. ఇంత జరిగాక చెప్పులతో ఎక్కితే ఏం బావుంటుందని ఊరంతా గట్టు మీద చెప్పులు విడిచేసింది. గుంటూరు ఎండకు అల్యూమినియం పెనమైపోతుందని ఎవరికీ తట్టలేదు. రెండడుగులు వేశారో లేదో, "అమ్మో కాళ్లు! పరిగెత్తండ్రా!" అని ఒకటే కేకలు. నడవడానికి కట్టిన వంతెన మీద ఊరు ఊరంతా గెంతుతోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అత్త మాత్రం చేతికర్ర మీద ఆనుకుని, జనాన్ని వదిలేసి వంతెన వంకే చూస్తోంది.

అందరూ అవతల పడ్డాక నా వైపు తిరిగింది. "ఊగలేదేంట్రా ఇది!"

అంతే, చెప్పులతోనే ఎక్కేసింది. అవతలి నుంచి ఎవరో "చెప్పులు, చెప్పులు!" అని అరిచారు.

"దేవుడికి నా కాళ్ల సంగతి తెలుసులేవే" అని అరుస్తూనే కొంగు అడ్డం పెట్టి కమ్మీ పట్టుకుని నడిచింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

పాస్టరుగారు చర్చి తాళం తీసేదాకా కూడా ఆగలేదు ఆమె. మెట్టు మీదే కూర్చుని పాట ఎత్తుకుంది. నాకు పాడటం రాదు. అయినా ఆ రోజు ఇవతలి గట్టున నిలబడి గొంతు కలిపింది నేనే.