కాణిపాకం దాకా వెళ్ళిన యాంటీవైరస్ పంచాయితీ

చిత్తూరు జిల్లా నగరిలో పవర్‌లూమ్ మగ్గాలున్న ఇంట్లో పుట్టినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం రాదు. పగలంతా మగ్గాలు టకటకా టకటకా కొడుతుంటే ఉప్పు ఎక్కడుందని అడగాలన్నా అరవాల్సిందే. మా అమ్మ అరుస్తుంది, అన్న అరుస్తాడు, నేను ఇంకా పెద్దగా అరుస్తాను. నాయన ఎప్పుడో గానీ నోరు తెరవడు. తెరిస్తే మాత్రం వీధి చివరి కాఫీ అంగడిదాకా వినిపిస్తుంది. ఈ గొంతుల సంగతి ఇప్పుడే ఎందుకు చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

మగ్గాల గదికీ వంటింటికీ నడుమ ఒక ఇరుకు గది ఉండేది. నూలు చుట్టే పాత కండెలు, చిక్కుపడిన పోగులు, విరిగిన సామాన్లు అందులో పడేసేవాళ్ళం. మా కంప్యూటరు ఆ గదిలోకే వచ్చింది. నేను తిరుపతిలో కంప్యూటర్ కోర్సు చేసి ఇంటికొచ్చి కూర్చున్న రోజులవి. కంప్యూటరు నా కోసం కొన్నారనే ఊళ్ళో అందరూ అనుకున్నారు. నిజానికి కొన్నది నాయన కోసం.

నాయన చీర అంచులు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడినీ రంగు పెన్సిలుతో నింపుకుంటూ పోయేవాడు. ఆ బొమ్మ పట్టుకెళితే అట్టలు కొట్టే షాపువాళ్ళు దానికి తగ్గట్టు అట్టలకు రంధ్రాలు వేసిస్తారు. అట్టలు మగ్గం మీదికి ఎక్కితే ఏ పోగు లేవాలో ఏది దిగాలో మగ్గానికి తెలుస్తుంది. అంతా బాగానే జరుగుతుండగా నాయనకు చెయ్యి వణకడం మొదలైంది. పెన్సిలు గడి దాటి పక్క గడిలోకి పోయేది. చెరిపి, మళ్ళీ గీసి, కాగితం చిరిగి, చివరికి పెన్సిలు పక్కన పడేసి వాకిట్లోకి పోయి కూర్చునేవాడు.

అప్పుడు తిరుత్తణి వైపు ఒకాయన ఈ పని కోసమే ఒక ప్రోగ్రాం రాశాడని తెలిసింది. తెర మీద గళ్ళుంటాయి. గడిలో ఎక్కడ నొక్కినా గడి మొత్తం నిండుతుంది. చెయ్యి వణికినా ఫరవాలేదు. మొదటిరోజు నాయన ఒక గడి నింపి, ఇంకో గడి నింపి, నా వైపు తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత రెండేళ్ళు ఆ కుర్చీ వదల్లేదు. కొత్తవి గీశాడు. పాత కాగితాల మీది అంచులన్నీ కూడా అందులోకి ఎక్కించాడు. వాటిలో మగ్గం ఎక్కినవి కొన్నే. చెదలు పట్టిన ఆ కాగితాలను అమ్మ వేణ్ణీళ్ళ పొయ్యిలో పెట్టేసింది. ఇంకోచోట కాపీ దాచుకోవాలన్న బుద్ధి ఇంట్లో ఎవరికీ పుట్టలేదు, కోర్సు చేసిన మహాతల్లికి కూడా.

ఇక వైరస్‌ల సంగతి. పెన్ డ్రైవులు కొత్తగా వచ్చిన రోజులు. అట్టల షాపులో ఒకటే కంప్యూటరు, అంచులు మోసుకొచ్చిన ఊరందరి పెన్ డ్రైవులూ దాంట్లోకే దూరేవి. వీధిలో ఒకరికి కళ్ళకలక వస్తే అందరికీ అంటుకున్నట్టు, అక్కడ ఒకరు తెచ్చిన వైరస్ సాయంత్రానికల్లా ఊరంతా పాకేది. మా కంప్యూటర్‌లో ఒక ఉచిత యాంటీవైరస్ ఉండేది. తెర మూలన చిన్న తాళం బొమ్మ దాని గుర్తు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు గనుక దాని అప్‌డేట్‌ను నేను తిరుపతి నెట్ సెంటర్ నుంచి పెన్ డ్రైవులో వేసుకుని బస్సులో తెచ్చేదాన్ని. పుత్తూరు దాటి నేను ఇల్లు చేరేలోపు అట్టల షాపులో ఇంకో కొత్త వైరస్ తయారయ్యేది. తాళం బొమ్మ పొద్దున్నుంచీ సాయంత్రందాకా "నన్ను అప్‌డేట్ చెయ్యి" అని చెవిలో జోరీగలా పోరు పెట్టేది. పట్టుకునేది మాత్రం సున్నా.

మార్చాలని నేనన్నాను. దేన్ని తేవాలన్న దానిమీద ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. "అన్నీ తీసి పారేసి ఫార్మాట్ కొట్టు, కొత్తగా ఉంటాది" అన్నాడు అన్న. అన్నకు ఏ జబ్బుకైనా అదొక్కటే మందు. "బాగా ఖరీదైంది తెండి, మంచిగుంటాది" అంది అమ్మ. నాయన మాత్రం, "నా అంచులు పోకుండా సూసుకునేది ఏదైనా సరే పాపా" అన్నాడు.

తిరుపతి బస్టాండు దగ్గర నాకు తెలిసిన కంప్యూటర్ షాపు ఒకటుంది. షాపాయన రెండు మూడు సీడీ డబ్బాలు గల్లాపెట్టె మీద పరిచి, డాలు బొమ్మ ఉన్నదాన్ని ముందుకు తోశాడు.

"ఇది బలే కోపిష్టిదక్కా. తెలీంది ఏదొచ్చినా లోపలికి రానీదు."

"ఇది ఒరిజినలేనా?" అన్నాను.

"కాణిపాకంలో ప్రమాణం చేసి సెప్తా, రా అక్కా" అన్నాడు.

మా జిల్లాలో వ్యాపారమంటే ఇంతే. వంకాయలు లేతవేనా అన్నా కాణిపాకమే, బస్సు టైముకు వస్తుందా అన్నా కాణిపాకమే. నవ్వుకుని డబ్బా కొనుక్కొచ్చాను.

కొత్తది ఎక్కించాలంటే పాతది తీసెయ్యాలని చెబితే అమ్మ ఒప్పుకోలేదు. ఇన్నాళ్ళూ ఉన్నదాన్ని ఎందుకు తరమడం, ఇద్దరూ ఉంటే ఒకరు నిద్రపోయినా ఇంకొకరు చూస్తారుగదా అని ఆమె వాదన. వాదించే ఓపిక లేక రెండూ ఉంచాను. అవి రెండూ ఒకదాన్ని ఒకటి దొంగ అంటూ పట్టుకున్నాయి. తాళం డాలును పట్టుకుంది, డాలు తాళాన్ని పట్టుకుంది, నడుమ కంప్యూటరు బిగుసుకుపోయింది. "తోడికోడళ్ళ మాదిరి ఉండాయి గదే" అంది అమ్మ. పాతదాన్ని పీకేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

డాలు బొమ్మది మాత్రం పని బాగానే చేసింది. అనుమానం వస్తే తెర నడుమ ఎర్ర పెట్టె ఒకటి ఎగిరొచ్చి, కింద మూడు బటన్లు చూపించేది. నాయనకు ఇంగ్లీషు రాదు. "నాయనా, ఎర్రగా ఏదన్నా వస్తే మొదటి బటన్ నొక్కేయ్. పురుగు పోతాది" అని చెప్పాను. నాయన బుద్ధిగా తల ఊపాడు.

ఆ వారంలోనే నాయనకూ అన్నకూ గొడవ పడింది. మగ్గాలు నడిపేది అన్న, సరుకు అమ్ముకొచ్చేదీ అన్నే. బజార్లో ఇప్పుడు నడిచేవి వేద్దామంటాడు అన్న, తన అంచులు వేయమంటాడు నాయన. భోజనాల దగ్గర మాటామాటా పెరిగింది. అన్న కంచం ముందునుంచి లేస్తూ, "ఈ పాత అంచులు ఎవురు కట్టుకుంటారు నాయనా? ఆ కంప్యూటర్లోనించి తీసి పారేస్తే అదన్నా బిరబిరా పని జేస్తాది" అనేశాడు. కోపంలో నోరుజారిన మాట. అందరం విన్నాం.

మర్నాడు నేను ఏదో పెళ్ళికని సత్యవేడు వెళ్ళి, ఆ పై రోజు ఇంటికొచ్చాను. నాయన తెర ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద ఏమీ లేదు. "పాపా, నా అంచులు యాడుండాయి?" అన్నాడు. వెతికాను. ప్రోగ్రాం లేదు. అంచులు దాచిన ఫోల్డరు ఉంది గానీ అందులో ఒక్కటంటే ఒక్కటి లేదు. చెత్తబుట్టలో చూశాను, పేరు కొట్టి మొత్తం గాలించాను. పెన్ డ్రైవు ఆ రెండు రోజులూ నాతోనే ఉంది గనుక బయటినుంచి వైరస్ వచ్చే దారి లేదు. పైగా కొత్త కాపలా డాలు పట్టుకుని మూలన నిలబడే ఉందాయె. దాన్ని అనుమానించాలని నాకు తోచనే లేదు. ఇంటికి కాపలా ఉన్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు?

అందరి కళ్ళూ అన్న వైపే తిరిగాయి. నావీ తిరిగాయి.

"నేను ముట్టలా నాయనా" అన్నాడు అన్న.

నాయన ఆ పూట అన్నం తినలేదు. పొద్దుగూకే వేళకు మగ్గాలు ఆపాక, నాయన వచ్చి అన్న ఎదుట నిలబడి అడిగాడు. "కాణిపాకం వస్తావా?"

సీడీ షాపాయన నోట్లో ఆ మాట చిల్లర మాట. ఇంట్లో, తండ్రి కొడుకును అడిగితే అది చిల్లర మాట కాదు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి, నేను చెయ్యలేదని చెప్పాలి. అబద్ధమాడినవాణ్ణి ఆ దేవుడు వదలడని మా వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. పొలం గట్ల దగ్గర, అన్నదమ్ముల పంపకాల దగ్గర విన్నాం గానీ మా ఇంట్లో ఎప్పుడూ వినని మాట. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న మొహం నల్లబడింది.

"వస్తా నాయనా. సోమవారం పోదాం" అన్నాడు.

సోమవారం దాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. అన్న మగ్గాల గదిలోనే తిన్నాడు. నాకు అన్న మీద కోపం, నాయన మీద కోపం, కంప్యూటరు మీద మరీ కోపం. ఏదీ తోచక ఆదివారం ఆ ప్రోగ్రాం సీడీ వెతికి బయటికి తీశాను. అంచులు ఎటూ పోయాయి, కనీసం గీసే గళ్ళయినా నాయన ముందు పెడదామనుకున్నాను. నాయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. సీడీ పెట్టి ఎక్కించానో లేదో, తెర నడుమ ఎర్ర పెట్టె ఎగిరొచ్చింది.

"ఇదే పాపా!" అన్నాడు నాయన హుషారుగా. "నువ్వు సత్యవేడు పోయిన పొద్దు ఇదే వచ్చినాది. నువ్వు సెప్పినట్టే మొదటిది నొక్కినా. నొక్కితే ఇంకోటి వచ్చినాది. అదీ నొక్కినా. వస్తానే ఉండాయి, నొక్కతానే ఉండాను. అబ్బా, ఇన్ని పురుగులు యాడ దాక్కోనుండాయో అనుకున్నా. దండిగా సంపినాలే."

నేను వెనక్కి తిరిగాను. తిరిగేసరికి గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు, చేతులకు మగ్గం నూనెతో. అంతా విన్నాడు. నాయన నా మొహం చూశాడు, అన్న మొహం చూశాడు. చెప్పాల్సిన పని లేకుండానే ఆయనకు అర్థమైంది. వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

జరిగింది ఇది. తిరుత్తణి ఆయన మంచికే ఒక ఏర్పాటు చేశాడు. అట్టల షాపులో తన ప్రోగ్రాం లేకపోయినా తెరుచుకునేట్టు, ఒక్కో అంచునూ ఒక్కో చిన్న ప్రోగ్రాములాగా దాచేలా రాశాడు. కోపిష్టి కాపలాకు ప్రోగ్రాంతో సహా అవన్నీ ఊరూ పేరూ తెలియని దొంగల్లా కనిపించాయి. వారానికోసారి చేసే గాలింపులో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఏం చెయ్యమంటావని నాయననే అడిగింది. నాయన తన అంచుల్ని తనే, ఒకటొకటిగా, శ్రద్ధగా పట్టించాడు.

"అయితే సచ్చిపోయినాయా?" అన్నాడు నాయన. గొంతు వినబడీ వినబడకుండా ఉంది. మా ఇంట్లో అంత చిన్న గొంతు నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు డాలు బొమ్మ తెరిచి లోపల వెతికాను. పట్టుకున్నవాటిని వెంటనే చంపకుండా తాళం వేసి ఉంచే గది ఒకటి అందులో ఉంది. మొదటి బటన్ పని అదే. అన్నీ అక్కడే ఉన్నాయి! ఒక్కొక్కటే విడిపిస్తుంటే నాయన వెనకనుంచి పేరు చెబుతున్నాడు. ఇది రుద్రాక్ష అంచు, ఇది గోపురం అంచు, ఇది మీ అమ్మ పెళ్ళిచీర అంచు. అమ్మ వచ్చింది. చివరిది తెరుచుకునేదాకా ఎవరూ కదల్లేదు.

అన్న మాత్రం వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. "పొద్దున బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

"ఇంకెందుకురా పోవడం?" అంది అమ్మ.

"మాటిచ్చినా గదా" అన్నాడు. ఎగతాళి కాదు. మా అనుమానం అన్న మనసుకు గట్టిగానే తగిలింది.

నాయన తలెత్తకుండానే, "పోదాం" అన్నాడు.

నలుగురం వెళ్ళాం. చిత్తూరులో బస్సు మారేటప్పుడు కూడా వాళ్ళిద్దరూ చెరో పక్కనే నిలబడ్డారు. కోనేటి మెట్ల దగ్గర అన్న చొక్కా గుండీలు విప్పుకుంటుంటే నాయన ఆ చేతిని పట్టుకుని ఆపాడు. "నువ్వు గాదు" అన్నాడు. పంచె బిగించుకుని తానే దిగాడు. నిండా మునిగి లేచాడు. నీళ్ళు కారుతూ, చలికి వణుకుతూ లోపలికి నడిచి దేవుడి ముందు నిలబడ్డాడు. మెల్లగా చెప్పుకుందామనే అనుకున్నాడు పాపం. మగ్గాల ఇంట్లో బతికిన మనిషికి మెల్లగా చెప్పడం ఎక్కడొస్తుంది?

"సామీ! నా కొడుకు మీద ఇంకెప్పుడూ నీ పేరు ఎత్తను! వాడు ముట్టలా అంటే ముట్టలా! అంతే!"

గుడంతా మోగింది. వరసలో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. అర్చకుడి చేతిలో హారతి పళ్ళెం ఆగింది. నేను సిగ్గుతో చచ్చాననుకోండి, అయినా ఆ సిగ్గు ఎంత బాగుందో చెప్పలేను.

"దేవుడికి ఇనబడ్తాదిలే నాయనా, మెల్లగా" అన్నాడు అన్న. అంటూనే ఏడ్చేశాడు. నా భుజం మీది తువ్వాలు లాక్కుని, అందరూ చూస్తుండగానే నాయన తల తుడవడం మొదలుపెట్టాడు.